బోర్డు లేని కూర: ఉస్మానియా క్యాంపస్, తార్నాక హోటళ్ళ చరిత్రలో మనం

హైదరాబాద్ తిండి గురించి రాసేవాళ్ళు నవాబుల దస్తర్‌ఖాన్ దగ్గర మొదలుపెట్టి బిర్యానీ దగ్గర ఆగిపోతారు. మధ్యలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్, రంజాన్ నెల హలీం వస్తాయి. ఈ రాతల్లో తినేవాడు ఎవడో తెలియదు. వాడి జేబులో పైసలెన్ని, ఏ ఊరి నుంచి ఏ బస్సెక్కి వచ్చాడు, వాడి కులమేంది, హోటల్ లోపలికి పోయేముందు గడప దగ్గర ఒక్క నిమిషం ఎందుకు ఆగాడు అన్నవి ఉండవు. రుచి ఉంటుంది గానీ నోరు ఉండదు.

ఈ వ్యాసంలో మేము చేయదలచుకున్నది చిన్న పని. ఉస్మానియా విశ్వవిద్యాలయం క్యాంపస్, దాని గేటు దాటగానే తగిలే తార్నాక, ఈ రెంటి చుట్టూ నడక దూరంలో ఉన్న తిండి తావులను కులం వైపు నుంచి చూడటం. ఇరానీ హోటల్, ఉడిపి, మెస్, కర్రీ పాయింట్, టిఫిన్ బండి, కళ్యాణి బిర్యానీ దుకాణం, ఏసీ రెస్టారెంట్ – ఇంత చిన్న జాగాలో ఇన్ని రకాలున్నాయి. ఒక్కో రకం ఒక్కో కాలంలో, ఒక్కో జనం కోసం పుట్టింది. మేము యూనివర్సిటీ మెట్లెక్కిన తొలి తరం వాళ్ళం. మా అమ్మానాయినలకు హోటల్ అంటే బస్టాండు కాడ చాయ్ దుకాణం, దాని బయట చూరుకింద విడిగా పెట్టిన గిలాస. కాబట్టి హోటల్లో కుర్చీ గుంజుకొని కూర్చోవడమనేది మా దృష్టిలో చరిత్రకు సంబంధించిన విషయమే.

విశ్వవిద్యాలయ చరిత్రను కొరత లేకుండా రాసిపెట్టారు. 1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దీన్ని స్థాపించడం, ఉర్దూ బోధనాభాష కావడం, 1939 డిసెంబరులో ఆర్ట్స్ కాలేజీ భవనం తెరవడం అందరికీ తెలిసినవే. 1938లో హాస్టల్ ప్రార్థన గదిలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను పంపించివేయడం, వాళ్ళను నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకోవడం, వాళ్ళలో పి.వి. నరసింహారావు ఉండటం కూడా చాలాసార్లు చెప్పుకున్న కథే. హాస్టల్ ప్రార్థన గది ఇట్లా చరిత్రకెక్కింది. హాస్టల్ వంటగది ఎక్కలేదు. అక్కడ ఎవరు వండారు, ఎవరు వడ్డించారు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, అంట్లు ఎవరు తోమారు అన్నవి మన చరిత్రకారులకు ప్రశ్నలుగా కూడా తోచలేదు. 1953 జనవరి 12న ఇదే విశ్వవిద్యాలయం డాక్టర్ అంబేద్కర్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చిందని ప్రతి ఏప్రిల్‌లో గుర్తుచేసుకుంటాం. ఆయన ఆధ్వర్యంలో తయారైన రాజ్యాంగంలో హోటల్ అనే మాట ఉందన్న సంగతి మాత్రం మనవాళ్ళలో కూడా చాలామంది పట్టించుకోరు.

ఉంది. 15వ అధికరణంలోని రెండో క్లాజు దుకాణాలు, పబ్లిక్ రెస్టారెంట్లు, హోటళ్ళు అని పేరుపెట్టి చెప్పింది. మతం, కులం, లింగం, పుట్టిన చోటు పేరుమీద అక్కడికి రాకుండా ఎవరినీ ఆపరాదన్నది. స్వేచ్ఛ, సమానత్వం వంటి పెద్ద మాటల నడుమ హోటల్ ఎందుకొచ్చింది? ఊరిని చూసినవాడికి జవాబు వెతకాల్సిన పని లేదు. అంటరానితనం మనిషిని రోజూ తాకే జాగాలు బావి, బడి, గుడి, హోటల్. 1955 అస్పృశ్యత నేరాల చట్టం ఇంకో అడుగు ముందుకేసి హోటల్లో ఉండే పాత్రల గురించి కూడా చెప్పింది. అందరికోసం పెట్టిన గిన్నెనూ గిలాసనూ వాడుకోనివ్వకపోవడం నేరమే అన్నది. 1976 నుంచి అదే పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది. ఇన్నేళ్ళ తర్వాత, 2001లో, జస్టిస్ పున్నయ్య కమిషన్ ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి ఇంకా ఉందని నమోదు చేయాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఆ పద్ధతి చాలా ఊళ్ళలో మాయమైనట్టు కనబడుతుంది. దాన్ని తీసేసింది చట్టం అనుకుంటే పొరపాటు. ప్లాస్టిక్ గ్లాసు వచ్చి తీసేసింది. తాగి పారేసే గ్లాసుకు కులం అంటదు, కడిగేవాడికి కడిగే బాధ లేదు, కేసు పెట్టేవాడికి సాక్ష్యం లేదు. ఇది అంటరానితనం పోవడమా, దానికి కొత్త గ్లాసు దొరకడమా అన్నది పరిశోధకులు ఇంకా తేల్చాల్సిన విషయం. తార్నాక టిఫిన్ బండి కాడ ప్లేటు మీద పల్చటి కవరు పరిచి ఇడ్లీ పెట్టినప్పుడల్లా మాకు ఈ ప్రశ్న గుర్తొస్తుంది. బండివాళ్ళు నీళ్ళ కరువు వల్లనే ఆ పని చేస్తారు, వాళ్ళను అనేదేమీ లేదు.

ఇంతకీ తార్నాక ఎక్కడిది? తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ. యూనివర్సిటీ భూముల చుట్టూ కట్టిన ముళ్ళతీగ కంచె, దాని దగ్గరి చౌకీ వల్ల ఆ పేరొచ్చిందంటారు. కంచె పేరు మీద ఊరు వెలవడం మన వ్యాసానికి అక్కరకొచ్చే విషయమే. కంచెకు అటువైపు క్యాంపస్, ఇటువైపు రైల్వే. నిజాం రైల్వే వాళ్ళు 1893లో లాలాగూడలో వర్క్‌షాపు పెట్టారు. మెట్టుగూడ, లాలాగూడ, చిలకలగూడ వైపు కార్మికుల బస్తీలు పెరిగాయి. క్యాంపస్ వెనక రాతిపని చేసే వడ్డెరల పేరుతోనే పిలిచే బస్తీ ఉంది, కాగితాల్లో అది మాణికేశ్వరి నగర్. స్వాతంత్ర్యం తర్వాత ఈ కొసన వరుసగా ప్రయోగశాలలు వచ్చాయి. ఇప్పుడు ఐఐసీటీ అంటున్న పాత ఆర్‌ఆర్‌ఎల్, 1961లో భూభౌతిక పరిశోధన సంస్థ, 1977లో సీసీఎంబీ. 1958లో కూనూరు నుంచి పోషకాహార పరిశోధన సంస్థ వచ్చి క్యాంపస్‌కు, తార్నాకకు నడుమ కుదురుకుంది. అదే ఇప్పటి ఎన్‌ఐఎన్. దాని గురించి మళ్ళీ చెప్తాం. కార్మికుడు, విద్యార్థి, సైంటిస్టు, ఆర్టీసీ ఆసుపత్రికి జిల్లాల నుంచి వచ్చే రోగుల వెంటి మనుషులు – ఈ నలుగురి ఆకలి మీదే తార్నాక హోటళ్ళు బతికాయి. నలుగురూ ఒకే హోటల్లో తినలేదు.

అందరికంటే ముందు మనల్ని కూర్చోనిచ్చింది ఇరానీ హోటల్. ఈ మాట చాలామంది అభిమానంతో అంటారు. మేము కారణం కోసం వెతికాం. యజ్ద్, కెర్మాన్ ప్రాంతాల నుంచి బొంబాయి, పూనాల మీదుగా వచ్చిన ఇరానీలు ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈ జంటనగరాల్లో హోటళ్ళు పెట్టారు. పాలు విడిగా మరగబెట్టి, డికాక్షన్ విడిగా మూతవేసి ఉడికించి, రెండూ కప్పులో కలిపే చాయ్ వాళ్ళది. మూల మలుపులో దుకాణం, పాలరాతి టేబుళ్ళు, గోడకు అద్దాలు. ఎంతసేపు కూర్చున్నా లెమ్మనరు. కానీ కులం పట్టింపు ఎందుకు లేకపోయింది? వాళ్ళ ఉదారత ఒక్కటే కారణం కాదు. ముసల్మాను చేతి చాయ్ తాగడానికి సిద్ధపడి లోపలికొచ్చిన అగ్రకులపోడికి, పక్క టేబుల్ మీద మాదిగ కూర్చున్నాడేంది అని అడిగే మొహం ఉండదు. మైలపడటానికి ఒప్పుకొని వచ్చిన చోట మైల లెక్కలు నడవవు. శుద్ధాచారం ఉన్నవాడు అసలు గడపే తొక్కడు. ఇరానీ హోటల్లో సమానత్వం ఇట్లా ఏర్పడింది, పట్టింపు ఉన్నవాళ్ళు రాకపోవడం వల్ల.

ఊళ్ళో ఒక చాయ్‌కి రెండు రకాల గిలాసలు. ఇక్కడ వన్ బై టూ చెప్తే ఒక చాయ్ రెండు కప్పుల్లో వచ్చేది, ఆ రెండు కప్పులూ ఒకే బకెట్ నీళ్ళలో మునిగి లేచినవే. పైసల్లేని విద్యార్థి రాజకీయాలన్నీ ఈ వన్ బై టూ మీద నడిచాయి. 1985 కారంచేడు తర్వాత, 1990 మండల్ గొడవల్లో, 1994లో దండోరా మొదలైనప్పుడు కరపత్రాల రాతకోతలు హాస్టల్ గదుల్లో ఎంత జరిగాయో ఈ టేబుళ్ళ మీద అంత జరిగాయని మా సీనియర్లు చెప్పేవారు.

అయితే ఇరానీ హోటల్ను మరీ దేవాలయం చేయొద్దు. అక్కడ కూర్చున్నది మగవాళ్ళు. మా అక్కలు, మాతోపాటు చదివిన ఆడపిల్లలు అక్కడ పొద్దుపోయేదాకా కూర్చొని రాజకీయాలు మాట్లాడిన సందర్భాలు ఎన్ని? ఫ్యామిలీ రూం అని కర్ర తడక వెనక ఒక మూల చూపించేవారు. దళిత స్త్రీకి ఊరి హోటల్లో కులం అడ్డమైతే, పట్నం హోటల్లో తడక అడ్డమైంది. టేబుల్ తుడిచే పిల్లగాడికి పదేళ్ళో పన్నెండేళ్ళో ఉండేవి. వాడిని ‘చోటూ’ అని పిలిచి బాలకార్మిక వ్యవస్థ గురించి చర్చించుకున్న తరం మాది.

ఉడిపి హోటల్ కథ వేరు. ఉడిపి నుంచి దేశమంతా పోయిన హోటళ్ళ మూలం మఠం వంటశాలలో ఉంది. మడి కట్టుకొని వండే బ్రాహ్మణ వంటవాడు, ఎవరు వండారో తెలిసిన భోజనం, ఇదే దాని పెట్టుబడి. నగరంలో కులం తెలియని వాళ్ళ నడుమ పడ్డ అగ్రకుల ప్రయాణికుడికి అది ధైర్యమిచ్చింది. చట్టం వచ్చాక గడప తెరిచారు, ఇడ్లీ, సాంబారు అందరివీ అయ్యాయి. వంటగదిలో మాత్రం పొయ్యి దగ్గర ఒక కులం, తొట్టి దగ్గర ఇంకో కులం అన్న అమరిక చాలాకాలం అట్లే ఉంది. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లోని మురళీ కేఫ్ బోర్డు మీది ‘బ్రాహ్మణ’ అనే మాట తీసేయాలని పెరియార్ ఉద్యమం నడిపాడు. నెలల తరబడి అరెస్టులయ్యాక ఆ మాట పోయింది. మన నగరంలో అట్లాంటి ఉద్యమం జరగలేదు. దాని ఫలితం ఇవాళ్టి బోర్డుల్లో కనబడుతుంది. రెడ్డిగారి పేరు, చౌదరిగారి పేరు, నాయుడుగారి పేరు, రాజుగారి కోడి పులావ్, అయ్యంగార్ బేకరీ. కులం ఇక్కడ రుచికి గ్యారంటీ కార్డు. తెలుగు నేల మీద వండటం అందరికీ వచ్చు, మాల మాదిగ ఇళ్ళలో కూడా పొయ్యిలున్నాయి. అయినా మాదిగ మెస్ అని బోర్డు పెట్టి తార్నాక చౌరస్తాలో నాలుగు రోజులు నడిపి చూపించమనండి.

1956 తర్వాత కోస్తా జిల్లాల నుంచి ఉద్యోగులు, విద్యార్థులు పెద్ద ఎత్తున రావడంతో ఆంధ్రా మెస్సులొచ్చాయి. అరటాకు, ముద్దపప్పు, గోంగూర, పెరుగు, అడిగినంత అన్నం. జొన్నగటక, సల్ల, పచ్చిపులుసు తిని పెరిగిన తెలంగాణ విద్యార్థి తన తిండి తిండే కాదన్న భావనతో అక్కడ కూర్చునేవాడు. అవమానం ప్రాంతం పేరు మీద కూడా ఉంటుందని అక్కడే తెలిసింది. కర్రీ పాయింట్ ఇంకా తర్వాతి మాట. అన్నం గదిలో వండుకొని కూర ప్లాస్టిక్ కవర్లో తెచ్చుకోవడం. హబ్సిగూడ గల్లీల్లో, విద్యానగర్‌లో, అడిక్‌మెట్‌లో గది కిరాయికి తీసుకొని గ్రూప్స్‌కు చదివే వేలమంది దీనిమీదే బతికారు. ఫెలోషిప్ ఆరు నెలలకోసారి వచ్చే రీసెర్చి స్కాలర్‌కూ అదే దిక్కు. కర్రీ పాయింట్‌లో ఎవరూ కూర్చోరు, ఎవరి పక్కనా ఎవరూ ఉండరు. పంక్తి అన్నదే లేని భోజనం. భాగ్యరెడ్డి వర్మ కాలపు సంస్కర్తలు సహపంక్తి భోజనాలు పెట్టి సాధించాలనుకున్నదాన్ని మార్కెట్ పంక్తినే రద్దుచేసి పక్కకు నెట్టింది.

హాస్టల్ మెస్ గురించి ఒక్కమాట చెప్పి ముందుకు పోతాం. 1944లో మొదలైన పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ లేకపోతే మనలో నూటికి తొంభైమంది ఏ మెస్సులోనూ కూర్చునేవాళ్ళం కాదు. ఆ స్కాలర్‌షిప్ ఆలస్యమైన ప్రతిసారీ మెస్ బకాయి, బకాయి పేరిట నోటీసు, నోటీసు మీద మన పేర్లే. మనవాళ్ళకు మెస్ అంటే కూరల జాబితా కంటే ముందు బాకీల జాబితా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. ఇంతవరకు చెప్పిన చరిత్రలో మనిషి మెల్లమెల్లగా లోపలికొచ్చాడు. చట్టం కొంత, రైల్వే కొంత, ఇరానీ కొంత, మన కొట్లాట కొంత సాయం చేశాయి. మనిషి వెంట వాని తిండి రాలేదు. ఇరవై రకాల కూరలున్న మెనూ కార్డు తిప్పి చూడండి. పెద్దకూర ఉండదు. తునకల కూర ఉండదు. దళితుడు లోపలికి రావచ్చు, ఇంటి తిండిని గడప బయట విప్పి రావాలి, చెప్పుల మాదిరి.

ఇది చట్టం వల్ల కాదు. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ఆవును, దూడను కోయడాన్ని నిషేధించింది. పనికిరాని ఎద్దును, బర్రెను అధికారి సర్టిఫికెట్‌తో కోయవచ్చని అదే చట్టం చెప్తుంది. పోషక విలువ లేదనడానికీ లేదు. తార్నాకలోని ఆ ఎన్‌ఐఎన్ ప్రచురించిన పాత పట్టికలు తెరిస్తే నూరు గ్రాముల గొర్రె కండలో 18.5 గ్రాముల మాంసకృత్తులు, పశువు కండలో 22.6 గ్రాములు అని ఉంటుంది. కొవ్వు మొదటిదానిలో 13.3, రెండోదానిలో 2.6. దేశానికి ఏం తినాలో చెప్పే సంస్థ గోడ పక్కనుంచే రోజూ నడిచిపోతాం. ఆ గోడ చుట్టూ ఉన్న హోటళ్ళలో అక్కడి పట్టికలోని ఒక వరుస మాత్రం అచ్చుకాదు. తినేవాళ్ళు లేరనడం అంతకంటే అబద్ధం. 2014 నాటి నమూనా నమోదు సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో 98 శాతానికి పైగా మాంసాహారులని తేలింది, దేశంలోకెల్లా ఎక్కువ. వీళ్ళందరూ పెద్దకూర తింటారని మేమనడం లేదు. శాకాహారం ఇక్కడ జనం అలవాటు కాదనీ, అది అధికారం అనీ అంటున్నాం.

మన ఉద్యమాలు కూడా ఈ విషయంలో ఒకే దారిన నడవలేదని ఒప్పుకోవాలి. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టినప్పటి నుంచి మాంసం, మద్యం మానాలని బోధించాడు. జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలితో కలిసి పనిచేశాడు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ దొరల ఇళ్ళలో, రైల్వేలో పనికి కుదిరిన మనవాళ్ళలో గౌరవంగా బతకాలన్న ఆశకు అదొక రూపం. పి.ఆర్. వెంకటస్వామి 1955లో అచ్చువేసిన పుస్తకం ఆ తరం ఆశలకు, తగాదాలకు మనకున్న పెద్ద ఆధారం. 1927 మహద్‌లో అంబేద్కర్ చచ్చిన పశువు మాంసం మానమన్నాడు. ఆయనే 1948లో ‘ది అన్‌టచబుల్స్’ రాసి గోమాంస భక్షణకూ అంటరానితనానికీ ఉన్న సంబంధాన్ని చరిత్రగా నిలబెట్టాడు, ఒకప్పుడు బ్రాహ్మణులు కూడా తిన్నారని చూపించాడు. కొందరు ఈ రెండింటి మధ్య వైరుధ్యం చూస్తారు. మాకు కనిపించదు. ఊరు పారేసింది తినాల్సిన గతి వేరు, కొనుక్కొని వండుకొని తినే హక్కు వేరు. భాగ్యరెడ్డి వర్మ తరం గౌరవం కోసం కూరను వదిలింది. 1990ల తర్వాతి తరం గౌరవం కోసం కూరను ముందుకు తెచ్చింది. అప్పటికి ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం చెప్తున్న కంచ ఐలయ్య 1996లో ‘నేను హిందువు నెట్లయిత’ వాదాన్ని ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చాడు. తిండిని, పనిని, దేవతలను జ్ఞానంగా చూడాలన్న ఆ వాదం క్యాంపస్ పిల్లలకు కొత్త నోరిచ్చింది.

ముందు గొడవ ఉస్మానియాలో కాదు, గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అయింది. సుకూన్ అనే విద్యార్థి ఉత్సవంలో రకరకాల ప్రాంతాల తిండి స్టాళ్ళు పెడుతుంటే, ఈ వైవిధ్యంలో మా తిండి ఏదని దళిత్ స్టూడెంట్స్ యూనియన్ అడిగింది. మొదట కాదన్న అధికారులు చివరికి ఒప్పుకోక తప్పలేదు. 2006లో బీఫ్ స్టాల్ పెట్టారు, జనం ఎగబడి తిన్నారు. దీన్ని గురించి సాంబయ్య గుండిమెడ 2009లో రాసిన వ్యాసం, బహిరంగ స్థలం ఎవరిదన్న ప్రశ్నను ఒక ప్లేటు కూర నుంచి ఎట్లా అడగవచ్చో చూపించింది.

ఉస్మానియాలో 2012 ఏప్రిల్ 15న, అంబేద్కర్ జయంతి మర్నాడు, పెద్దకూర పండుగ జరిగింది. హాస్టల్ మెనూలో పెద్దకూర చేర్చాలన్నది కోరిక. వండారు, వందలమంది వరుసకట్టి తిన్నారు, పాటలు పాడారు. ఆ సాయంత్రానికి రాళ్ళు, బాష్పవాయువు, తగలబడ్డ బండ్లు, ఒక విద్యార్థికి కత్తిపోటు. మర్నాడు చాలా పత్రికలకు అది ‘ఘర్షణ’ అయింది. తిన్నవాళ్ళు కొట్టడానికి పోలేదు, తింటున్న చోటికే కొట్టడానికి వచ్చారన్న తేడా వార్తలో కొట్టుకుపోయింది. 2015 డిసెంబరు 10న, మానవహక్కుల దినాన, మళ్ళీ తలపెడితే న్యాయస్థానం ఉత్తర్వులు, ముందస్తు అరెస్టులు, గేట్ల దగ్గర పోలీసులు. ఒక పూట కూర వండకుండా ఆపడానికి యూనివర్సిటీని దిగ్బంధం చేశారు.

పండుగ రోజుల్లో తప్ప మిగతా రోజుల్లో ఏం తిన్నాం? దీనికి జవాబు కళ్యాణి బిర్యానీ. పేరు కళ్యాణి నవాబుల నుంచి వచ్చిందని, హైదరాబాద్‌లో వాళ్ళ దేవిడీకి వచ్చినవాళ్ళకు పెట్టేవారని కథ. బర్రె మాంసం చిన్నచిన్న ముక్కలు, టమాటా, జీలకర్ర, ధనియాలు ఎక్కువ. కుంకుమపువ్వు ఆర్భాటం లేదు. పేదోళ్ళ బిర్యానీ అంటారు. రిక్షా తొక్కేవాడు, మేస్త్రీ, ఆటో అన్న, హాస్టల్ పిల్లగాడు ఒకే బెంచీ మీద కూర్చునే దుకాణం. హైదరాబాద్ బిర్యానీ గురించి ప్రపంచమంతా చెప్పుకునే కథలో దీనికి రెండు వాక్యాలు కూడా దక్కవు. మటన్ ధర ఎప్పుడూ మన ఫెలోషిప్ కంటే ముందు పరిగెత్తింది. ముస్లిం పేదల దుకాణం లేకపోతే దళిత విద్యార్థికి నగరంలో తన తిండి లేదు. దళిత ముస్లిం ఐక్యత మీద రాసిన తీర్మానాల కంటే వారాసిగూడ గల్లీలో ఈ బెంచీ ఎక్కువ పనిచేసిందని మా అభిప్రాయం. 2017 మే నెలలో కేంద్రం పశువుల సంతల్లో కోతకు అమ్మకాన్ని నిలిపే నియమాలు తెచ్చినప్పుడు దెబ్బ ఈ బెంచీ మీద కూర్చునేవాళ్ళందరికీ కలిపే తగిలింది. కోర్టులు వాటిని ఆపేదాకా భయం భయంగానే నడిచింది.

2014లో రాష్ట్రం వచ్చింది. క్యాంపస్ పిల్లలు 2009 నుంచి లాఠీలు తిని తెచ్చిన రాష్ట్రం. దానితోపాటు తెలంగాణ వంటకు గౌరవం వచ్చింది. జొన్నరొట్టె, సర్వపిండి, నాటుకోడి, తలకాయ, బోటి, పాయ ఏసీ హోటళ్ళకెక్కాయి. గోడమీద ఎడ్లబండి చక్రం, మట్టి మూకుళ్ళు, వడ్డించేవాళ్ళకు తలపాగా. సంతోషమే. ఒకప్పుడు కల్లు కంపౌండు కాడ ఆకులో పెట్టిచ్చిన బోటికి ఇప్పుడు మెనూలో ఫోటో ఉంది. పల్లె అంటే ఈ హోటళ్ళ లెక్కలో ఊరు మాత్రమే. వాడ లేదు. ఎడ్లబండి చక్రం గోడకెక్కింది గానీ ఎద్దు కూర కార్డుకెక్కలేదు. ప్రాంతం పేరు మీద వచ్చిన ఆత్మగౌరవం కులం దగ్గరికొచ్చేసరికి ఎక్కడ ఆగుతుందో చూడాలంటే ఈ మెనూ కార్డు చాలు. అదే 2014లో నగరపాలక సంస్థ హరేకృష్ణ వాళ్ళ వంటశాలతో కలిసి ఐదు రూపాయల భోజనం మొదలుపెట్టింది. నాలుగొందల గ్రాముల అన్నం, సాంబారు, కూర, పచ్చడి. అడ్డా కూలీకి, గ్రూప్స్ నిరుద్యోగికి అది ప్రాణం నిలిపింది, మేమూ ఆ వరుసలో నిలబడ్డవాళ్ళమే. ఐనా 98 శాతం మాంసం తినే రాష్ట్రంలో పేదవాడికి ప్రభుత్వం పెట్టే బువ్వలో కనీసం గుడ్డు ఎందుకు లేదో అడగకుండా ఉండలేం.

2017 నవంబరులో నాగోల్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రో నడిచింది. తార్నాక స్టేషన్ కింద బండ్లు చెదిరి, మళ్ళీ పోగై, సందుల్లోకి జరిగాయి. తర్వాత ఫోన్ల మీద తిండి వచ్చింది. సంచీ భుజాన వేసుకొని తెచ్చే పిల్లల్లో మన డిగ్రీ పిల్లలు, పీజీ పిల్లలు ఎందరో. 2024 మార్చిలో జొమాటో శుద్ధ శాకాహారుల కోసం విడిగా పచ్చచొక్కా దళాన్ని ప్రకటించింది. గేటెడ్ కాలనీల్లో ఎర్రచొక్కా పిల్లలను రానివ్వరేమోనన్న గోల లేచేసరికి ఆ పచ్చచొక్కాను మర్నాడే వెనక్కి తీసుకుంది. దళం మాత్రం రద్దు కాలేదు. ఊళ్ళో గిలాస ఉన్న చోట ఇక్కడ సంచీ వచ్చింది.

గది కిరాయి లేకుండా తిండి చరిత్ర పూర్తికాదు. హబ్సిగూడ, తార్నాక గల్లీల్లో టులెట్ బోర్డు కింద ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ అన్న మాట కులం అడగకుండా కులం తెలుసుకునే తోవ. ఒక ఇంటాయన మమ్మల్ని ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, “చదువుకునే పిల్లలు, మంచిదే నాయనా. నాన్‌వెజ్ అలవాటుందా?” అన్నాడు. చికెన్ తింటామన్నాం. “చికెన్ మా పిల్లలూ తింటారు. అది కాదు నేనడిగేది” అన్నాడు. ఏం అడుగుతున్నాడో ఇద్దరికీ తెలుసు. ఆ మాట నోటితో అనడానికి ఆయన సిద్ధంగా లేడు. అంతకుముందు మా సోదరుడొకాయనను “మీరేంటోళ్ళు?” అని నేరుగా అడిగారట. ఆ పాత ప్రశ్నే నయం, దానికి జవాబు చెప్పి లేచి రావచ్చు.

ఈ విషయాలకు కాగితం ఆధారాలు తక్కువ. హోటళ్ళు మెనూలు దాచవు, మెస్సులు పాత రిజిస్టర్లు చెదలకు వదిలేస్తాయి, కళ్యాణి దుకాణానికి బిల్లు పుస్తకమే ఉండదు. మనుషులున్నారు. లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన తాతలు, హాస్టళ్ళలో ముప్పై ఏళ్ళు వండిన అమ్మలు, వన్ బై టూ కాలపు సీనియర్లు. ఆ వంటమ్మల్లో దళిత స్త్రీలు ఎంతమంది, వాళ్ళను పొయ్యి దగ్గరికి ఎప్పటి నుంచి రానిచ్చారు అన్న ఒక్క ప్రశ్న మీద ఒక ఎం.ఫిల్‌కు సరిపడా పని ఉంది. తోటి పరిశోధకులు క్యాంపస్ దాటి పోనక్కర లేదు.

వారాసిగూడ దుకాణంలో గల్లా మీది పెద్దాయన ప్రతివాణ్నీ అడిగే ప్రశ్న ఇప్పటికీ ఒక్కటే: “బడా యా ఛోటా?” మా తరం వాళ్ళు కొందరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి జవాబు చెప్తారు. ఈ మధ్య ఆదిలాబాద్, పాలమూరు నుంచి వచ్చి పీజీలో చేరిన పిల్లలు తగ్గించరు. “బడా, భాయ్, రెండు ప్లేట్లు” అని రోడ్డు మీదినుంచే కేకేసి బెంచీ జరుపుకుంటారు.